బాబాయి ఇవ్వలేకపోయిన రక్తం

మా పిన్ని బ్లడ్‌బ్యాంకులో నర్సు. రక్తమివ్వడానికి ఎవరొచ్చినా ముందు జ్వరం సంగతి నిలదీస్తుంది. దోమ తెచ్చిన వైరస్ రోగికి చేరకూడదని ఆవిడ పట్టుదల.

ఏటా పెళ్లిరోజున ఆవిడ చేతిమీదుగానే రక్తమిచ్చే బాబాయి, ఈసారీ దర్జాగా వచ్చి చొక్కా చెయ్యి మడిచాడు.

“ఈమధ్య జ్వరం వచ్చిందా?” అంది పిన్ని, పరాయివాణ్ని అడిగినట్టు.

“అబ్బే, లేదు.”

“పోయినవారం మీ నుదుటిమీద తడిగుడ్డ వేసిందెవరు? పక్కింటావిడా?”

బాబాయి గొంతు తగ్గించాడు. “తగ్గిపోయిందిగా! మొగుణ్ని కదే, ఈ ఒక్కసారికీ పోనీ.”

“మీరు నా మొగుడే. ఆ రక్తం ఎక్కేది ఎవరి మొగుడికో! ఈ ఏటికి మీ దానం దోమలకే చెల్లింది. ఇంటికెళ్లి కుండీల కింద నీళ్లు పారబోయండి.”

బాబాయి అలిగి లేచాడు. పిన్ని ఆయన చొక్కా చెయ్యి తనే కిందికి దించి, దాతలకిచ్చే బిస్కట్ పొట్లం జేబులో కుక్కింది.