డి సీసాకు కె కొసరు

మామగారి ప్రాణం మీదికి తేవడానికి లోకంలో అల్లుళ్లు వాటాలనీ వ్యాజ్యాలనీ ఏళ్లతరబడి కష్టపడతారు. నేను నెలన్నర లోపే, పైసా ఖర్చు లేకుండా తెచ్చాను. ఇంత చవక బేరం నెల్లూరు జిల్లాలో ఇంకొకరు చేసి ఉంటే చూపించండి!

అరవైల మొదట్లో మాట. మాది నాయుడుపేటలో చిల్లరకొట్టు. ఉగ్గుపాలతోనే కొసరు అడగడం నేర్చినవాణ్ణి. శేరు కందిపప్పు కొంటే పైన గుప్పెడు పడాలి. పడకపోతే ఆ పూట నాకు అన్నం సహించదు. మామగారు గూడూరులో నిమ్మకాయల వ్యాపారి. గుండెజబ్బు చేస్తే మద్రాసు డాక్టరు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు రాసి, నెలకోసారి వచ్చి రక్తం చూపించుకోమన్నాడు. ఎముకల నొప్పులకు డి విటమిన్ చుక్కలు కూడా వాడమన్నాడు. ఆ సీసా తెచ్చే భారం అల్లుడి మీద పడింది. పడిందేమిటి, నేనే లాక్కున్నాను.

మందుల షాపాయన సీసా నా చేతిలో పెట్టాడు. చాచిన చెయ్యి నేను వెనక్కి తీసుకోలేదు.

"ఇంకేంది?" అన్నాడు.

"కొసరు."

"అన్నా, ఇది మందులంగడి. పైన ఒక రెబ్బ వెయ్యడానికి కరేపాకు కాదు."

"మందయితే మాత్రం బేరం కాదా? ఉత్త చేతుల్తో పోతే మా నాయన ఇంట్లోకి రానీడు."

అరగంట నిలబడ్డాను. వెనక జనం చేరారు. దగ్గు మందుకొచ్చినవాళ్లు దగ్గడం మరిచిపోయి వింటున్నారు. చివరికి ఆయన కింది అరలోంచి దుమ్ముపట్టిన డబ్బా తీసి బల్లమీద కొట్టాడు.

"కె విటమిన్ బిళ్లలు. అమ్ముడుపోలా. తీసుకోని నా అంగడి వదులు సామీ!"

"దేనికి పనికొస్తాయి?"

"రక్తానికి మంచిది, పో!"

విన్నారుగా? మామగారిది రక్తం గొడవే! వెతకబోయిన తీగ కాలికి తగలడం అందరికీ జరిగేదే. నాకు పందిరి కూడా కొసరుగా తగిలింది.

మామగారు డబ్బా అటూ ఇటూ తిప్పి చూశారు. "డాక్టరు ఒకటే గదా చెప్పినాడు, అల్లుడూ?"

"డి అన్నమైతే కె పప్పు, మామా. ఉత్త అన్నం ఎవరన్నా తింటారా?"

"అదీ నిజమేలే. ఊరికే వచ్చినదాన్ని పారేసే కొంపా మనది!"

నెల తిరిగింది. మద్రాసులో డాక్టరు రక్తం పరీక్ష చూసి, "మాత్రలు మానేశారా?" అన్నాడు. లేదన్నాం. మోతాదు పెంచి, వారంలో రమ్మన్నాడు. వారం తిరిగేలోపు మామగారి కాలు వాచి స్తంభమైంది. లోపల రక్తం గడ్డకట్టింది, అది గుండెకో ఊపిరితిత్తులకో చేరితే మనిషి దక్కడని మద్రాసు ఆసుపత్రిలో పడుకోబెట్టారు. అత్తగారు ఒకటే ఏడుపు. నేను ధైర్యం చెబుతున్నాను, చూడండి నా గుండె!

"ఏమేం మింగుతున్నారో అన్నీ ఇక్కడ పెట్టండి," అన్నాడు డాక్టరు.

నేనే దర్జాగా పెట్టాను, కె డబ్బా అన్నిటికన్నా పైన.

డాక్టరు దాన్ని చదివాడు. మళ్లీ చదివాడు. "ఇది ఎవరిచ్చారు?"

"మా అల్లుడు!" మంచంమీంచే ఛాతీ విరిచారు మామగారు. "కొసరు కొట్టుకొచ్చినాడు. ఒక్క పైసా ఇవ్వలా!"

"పెద్దాయనా, మీకు పొలముందా?"

"పదెకరాలు."

"రక్తం పారాలని నేను తూము తెరుస్తున్నాను. ఈ బిళ్ల రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. మీ అల్లుడు రోజూ నా వెనకే వచ్చి తూములో మట్టి కొడుతున్నాడు."

పన్నెండు రోజులకు మామగారు లేచారు. రైలెక్కాక మెల్లగా అన్నారు: "అల్లుడూ, మా పిల్లనిచ్చినప్పుడు నువ్వు కొసరు అడగలా. ఇది యాడో ఒకచోట తేలతాదని అప్పుడే అనుకున్నా."

ఇప్పుడు నా మోకాళ్లకు డాక్టరు డి, కె రెండూ ఒకే మాత్రలో రాశాడు. కాబట్టి నా అన్నం, పప్పు పోలిక తప్పు కాదు. వడ్డించిన విస్తరే తప్పు. అయినా మా కొట్టు తక్కెడ సాక్షిగా ఒట్టు: మందుల షాపులో ఇక కొసరు అడగను. కరేపాకు సంగతి వేరు.

ఇక లెక్క. కె బిళ్లలకు ఇచ్చింది సున్నా. మద్రాసు ప్రయాణాలు, పన్నెండు రోజుల మంచం, మండీ మూసి పోగొట్టుకున్న నిమ్మకాయల అదను, అన్నీ మామగారి ఖర్చు. మిగిలింది మామగారి ప్రాణం. అది డాక్టరు జమ, నాది కాదు.