అటక మీద చాపంత చోటు

ఈసారి గుమ్మడి వడియాలు ఎందుకు పంపలేదని మొన్న ఫోన్‌లో అడిగావు కదా చిన్నోడా, అటక మూసేశాం నాన్నా, అందుకని. నువ్వు "ఓకే" అనేసి ఫోన్ అక్కకి ఇచ్చేశావు. అటకకీ వడియాలకీ సంబంధం ఏమిటని అడగలేదు. అడక్కపోయినా చెప్తాను. మీ ఇద్దరికీ తెలుగు చదవడం రాదు కాబట్టి మీ నాన్న చదివి వినిపిస్తాడు. వాడూ వినాల్సిందే.

మీ అమ్మమ్మ ఇల్లూ మా ఇల్లూ ఈ చలి ఊరు బాతెల్‌లోనే కదా, కారులో పది నిమిషాలు. మీ అమ్మా నాన్నా ఇక్కడే చదువుకుని, పెళ్ళి చేసుకుని, ఉద్యోగాలకని చలి లేని సన్నీవేల్ వెళ్ళిపోయారు. డిసెంబరు సెలవులకి వచ్చినప్పుడు నానమ్మా అమ్మమ్మా ఒకే ఊళ్ళో ఉండడం మీకు సుఖం. నాకు సుఖం కాదు. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

మా ఇల్లు మేం కొనేసరికే పాతది. మీ అమ్మమ్మది కొత్తది. ఆ ఇంటి గృహప్రవేశం రోజున అందరూ వంటగట్టు రాయినీ, పెద్ద కిటికీలనీ మెచ్చుకుంటుంటే నేను చెప్పులు విప్పిన కాళ్ళతో హాల్లో నిలబడి, ఆ నేల వెచ్చదనానికి కుళ్ళుకున్నాను. మా ఇంట్లో అక్టోబరు నుంచి మేజోళ్ళు లేకుండా అడుగు వెయ్యలేం.

మీరేం చేసేవారో మీకు గుర్తుందో లేదో. మధ్యాహ్నానికి మా ఇంటికి వచ్చేవారు. పప్పుచారు, బెండకాయ వేపుడు, వడియాలు. వడియాలు నూనెలోంచి తీస్తుండగానే చిన్నోడు ఒకటి లాక్కుని నోరు కాల్చుకునేవాడు. రాత్రి భోజనాలు కాగానే బూట్లు వేసుకునేవారు.

"ఇక్కడే పడుకోండే తల్లీ, రెండు రగ్గులిస్తాను" అంటే, పెద్దదానివి నువ్వు, "రగ్గు కప్పుకున్నా ముక్కు బయటే ఉంటుంది కదా నానమ్మా. మై నోస్ ఈజ్ ఫ్రీజింగ్" అన్నావు ఒకసారి. నిజమే. ముక్కుకి కప్పే రగ్గు నా దగ్గర లేదు.

మీ అమ్మమ్మ మీ పైజమాలు డ్రయ్యర్లో తిప్పి, వెచ్చవెచ్చగా తొడిగించేదట. ఆ సంగతి మీ అమ్మ చెప్పినప్పుడు నేనూ అలాగే చేసి చూశాను. మా డ్రయ్యర్ గరాజ్‌లో. అక్కణ్ణుంచి మీ గదిలోకి తెచ్చేలోగా అవి చల్లారిపోయాయి. మర్నాడు వాట్సాప్‌లో ఆవిడ మీ ఇద్దరి ఫోటో పెట్టింది. కార్పెట్ మీద నిద్రపోతున్నారు. దుప్పటి లేకుండా. నేను ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి మరీ చూశాను. నిజంగానే లేదు.

పోయినేడు వేసవి ఇంకా రాకముందే మీ తాతయ్యతో చెప్పాను, వచ్చే డిసెంబరుకి పిల్లలు మన ఇంట్లోనే పడుకోవాలి, చలి దిగకుండా ఇంటికి ఇన్సులేషన్ చేయిద్దాం అని. "నువ్వు కనుక్కో" అన్నారు. మంచి కాంట్రాక్టర్ ఎవరో తెలిసిన మనిషి నాకు ఒక్కత్తే. చేసేది లేక మీ అమ్మమ్మకే ఫోన్ చేశాను.

"వదినగారూ, ఇన్సులేషన్ చేసేవాళ్ళు ఎవరైనా తెలుసా మీకు?"

"మీకెందుకు వదినగారూ ఇప్పుడు? ఆ చలికి మీరు అలవాటు పడిపోయారుగా."

"మాకు కాదులెండి. పిల్లల కోసం."

"పిల్లలకేం, ఇక్కడ హాయిగా పడుకుంటున్నారుగా."

"అందుకే."

నా గొంతు ఎప్పుడూ లేవదు, మీకు తెలుసు. మెత్తగానే అన్నాను. ఆవిడ నంబరు ఇచ్చింది. "మా ఫ్రెండ్ ఇంటికి చేశాడు. నెమ్మదస్తుడు" అంది. ఫోన్ పెట్టబోతూ, "మీకేం వదినగారూ. మీ ఇంటికి తినడానికి, ఆడుకోడానికి వస్తారు. మా ఇంటికి నిద్రపోడానికేగా. కళ్ళు తెరుచుకున్న పిల్లలు మీకు, కళ్ళు మూసుకున్న పిల్లలు నాకు" అంది.

అది వెక్కిరింత అనుకున్నాను. ఆవిడ గొంతుతోనే మీ తాతయ్యకి అనుకరించి చూపించాను కూడా. "చూశారా, ఎంత మాట అందో!" మీ తాతయ్య పేపర్లోంచి తల ఎత్తకుండా, "తప్పేముంది అందులో" అన్నారు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

కాంట్రాక్టర్ ఒక చలి ఉదయాన వచ్చాడు. నెరిసిన గడ్డం, మోకాళ్ళకి మెత్తలు కుట్టిన ప్యాంటు. చేతిలో ఒక కెమెరా. దాంట్లో వెచ్చని చోటు పసుపుగా, చల్లని చోటు నీలంగా కనిపిస్తుంది. హాలు సీలింగ్ చూపించాడు, పసుపూ నీలం కలగాపులగంగా ఉంది. మా పడగ్గదీ అంతే. మీరు పడుకోవాల్సిన గదిలోకి వెళ్ళి కెమెరా పైకెత్తి ఆగిపోయాడు. సీలింగ్ మధ్యలో ముదురు నీలం ముక్క, గీత గీసి కత్తిరించినట్టు నలుచదరంగా. చాపంత.

"ఇక్కడ మాత్రం అసలేమీ లేదు. ఎవరో తీసేశారు" అన్నాడు ఇంగ్లీషులో.

"ఎవరు తీస్తారు? ఇది కొన్నప్పటి నుంచీ మేమే ఉంటున్నాం" అన్నారు తాతయ్య.

నేను సీలింగ్ వైపే చూస్తున్నాను.

అటక నిచ్చెన దింపి కాంట్రాక్టర్ పైకి వెళ్ళాడు. కాసేపటికి చేతిలో తెల్లటి గట్టి ఉండ ఒకటి పట్టుకుని దిగాడు. "మ్యామ్, ఇది ఎలుకలది అనుకుంటా. గూడు ఉందేమో చూడాలి."

"ఎలుకలది కాదు. అది తింటాం" అన్నాను.

ఆయన దాన్ని చాలా జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. తాతయ్య ఉండని చూశారు, నన్ను చూశారు.

ఇక చెప్పక తప్పలేదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పెరటి చెక్క డెక్ మీద వడియాలు పెడితే సగం ఉడతలు ఎత్తుకుపోయాయి, సగం వానకి కరిగిపోయాయి. జూలైలో ఒకరోజు సూట్‌కేస్ కోసం అటకెక్కితే పైన పొయ్యి మీద పెనంలా ఉంది. ఎండ లేకపోతేనేం, వేడి ఉంది కదా అనుకున్నాను. కింద గులాబీ రంగు దూది పరిచి ఉంది. ఇల్లు కట్టినవాళ్ళు ప్యాకింగ్ సామాను తియ్యకుండా వదిలేసి పోయారనుకున్నాను, చలి ఆపేది అదేనని తెలీదు. చాపంత మేర దాన్ని చుట్టి మూలకి నెట్టేసి, చెక్క వేసి, దాని మీద చాప, చాప మీద పాత వాయిల్ చీర పరిచి, పైన ఇంకో చీర కప్పి వడియాలు పెట్టాను. మూడు రోజుల్లో గలగలమన్నాయి. ప్రతి వేసవీ అదే పని. ఆ దూది మళ్ళీ పరచాలని నాకెప్పుడూ తోచలేదు. కింద ఏ గది ఉందో కూడా ఆలోచించలేదు.

"అంటే," అన్నారు తాతయ్య, "ఇన్నేళ్ళూ నేను హీటర్ థర్మోస్టాట్‌ని తిట్టింది నీ వడియాల మూలానా?"

"నెమ్మదిగా అనండి, ఆయన వింటున్నాడు."

"వింటే అర్థమవుతుందా ఏమిటి? రెండు వేయించి పెట్టు పాపం, తిని వెళ్తాడు."

నాకు నవ్వు రాలేదు. ఇన్ని చలికాలాలు మీ అమ్మమ్మ మిమ్మల్ని లాక్కుపోతోందని లోపల్లోపల రగిలిపోయాను. మీ గది మీద కప్పు నేనే తీసేసి, ఆవిడ ఇంటి మీద ఏడ్చాను.

కాంట్రాక్టర్ పని ఎలా చేస్తాడో చెప్పాడు. ముందు సందులన్నీ పూడుస్తాడు. తర్వాత వాకిట్లో లారీ పెట్టి, లావుపాటి గొట్టంతో కాగితం తురుములాంటిది అటక నిండా మోకాలి లోతున ఊదుతాడు. ఆ తర్వాత అక్కడ నడవకూడదు, సామాను పెట్టకూడదు. నేను ఒకటి అడిగాను.

"ఆ చాపంత చోటు వదిలెయ్యడానికి వీలుందా?"

"వదలచ్చు. ఆ గది మాత్రం ఇలాగే ఉంటుంది. అందులో ఎవరు పడుకుంటారు?"

"ఎవరూ పడుకోరు" అన్నాను. అని, "మా మనవలు పడుకోవాలి" అన్నాను.

వడియాలు మీ అమ్మమ్మ ఇంట్లో లేవు, మీ అమ్మకి పెట్టడం రాదు. నాకంటూ ఉన్నది అదొక్కటే. నిచ్చెన కింద నిలబడి పైకి చూశాను. "అంతా వేసెయ్యండి" అన్నాను. చాప చుట్టి గరాజ్‌లో పెట్టాను. చీరలు ఉతికి మడిచాను.

డిసెంబరులో మీరొచ్చారు. చిన్నోడు లోపలికి రాగానే స్వెట్టర్ విప్పాడు, తర్వాత మేజోళ్ళు విప్పాడు. "నానమ్మా, ఇట్స్ జస్ట్ లైక్ అమ్మమ్మాస్ హౌస్!" అన్నాడు. సంతోషించాను. ఆ పోలిక చివుక్కుమనిపించింది కూడా. రెండు రోజులు మా ఇంట్లోనే పడుకున్నారు. తెల్లవారి గదిలోకి తొంగిచూస్తే దుప్పట్లు కింద పడి ఉన్నాయి. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. ఎవరు చూడాలని పెట్టానో ఆవిడే ముందు చూసింది. ఒక్క నమస్కారం బొమ్మ పంపింది, అంతే.

మూడో రోజు మధ్యాహ్నం మీ అమ్మమ్మ భోజనానికి వచ్చింది. చేతిలో ఇండియన్ స్టోర్ సంచి. "ఈసారి మీ వడియాలు లేవని పెద్దది చెప్పింది వదినగారూ. పిల్లలకి ఇష్టం కదాని కొన్నాను. మీ వాటిలా ఉండవనుకోండి" అంది. నేనే వేయించాను. మీరు కరకరలాడించేశారు. చిన్నోడు నోరు కూడా కాల్చుకున్నాడు. ఒక్కరూ తేడా ఉందని అనలేదు. ఆవిడ నా వైపు చూసింది. గెలిచిన మనిషిలా చూడలేదు. పెద్దతల్లీ, సోఫాలో నీ పక్కన కూర్చుని, నువ్వు ఫోన్‌లో ఏదో చూపిస్తుంటే అర్థం కాకపోయినా నవ్వుతూ, మెలకువగా ఉన్న మిమ్మల్ని చూస్తూ సాయంత్రం దాకా ఉండిపోయింది.

ఆవిడ లేచి కారు దగ్గరికి వెళ్ళింది. నువ్వు గదిలోంచి దిండు చంకలో పెట్టుకుని వచ్చావు.

"నానమ్మా, మేము అమ్మమ్మతో వెళ్తున్నాం. అక్కడ పడుకుంటాం."

"ఇప్పుడు మన ఇంట్లో చలి లేదు కదే?"

"లేదు నానమ్మా, ఇట్స్ సో వార్మ్!" అన్నావు, ఎంతో ముద్దుగా.

నువ్వు వంగి బూటు లేసు కట్టుకుంటున్నావు. చిన్నోడు అప్పటికే కారెక్కాడు. నేను తలుపు పట్టుకుని ఒక మాట అడిగాను. నా గొంతు నీదాకా రాలేదేమో, లేక కారు హారన్లో కలిసిపోయిందేమో. నువ్వు నా మెడ చుట్టూ చేతులేసి, "లవ్ యూ నానమ్మా" అని మెట్లు దిగి పరుగెత్తావు. అందుకే ఇక్కడ మళ్ళీ అడుగుతున్నాను, మీ నాన్న చదివినప్పుడైనా వింటావని.

ఇన్నేళ్ళూ మీరు అక్కడికి వెళ్ళింది చలి వల్లేనా తల్లీ?