మోటారుకు కప్పిన చద్దరు

కార్తీక మాసం, గురువారం, సాయంత్రం నాలుగు గంటలు. హాజరైనవారు: నేను, నా భార్య, మా కోడలు. పీట మీద లాప్‌టాప్. వేడి తొంభై నాలుగు డిగ్రీలు, ఇంకా పెరుగుతోంది.

నా డైరీలో ఆ పేజీ పై వరుసలు ఇవి. నేను నలభై ఏళ్లు సోలాపూర్ పవర్‌లూమ్ కార్ఖానాల్లో జాబరుగా పనిచేశాను. మగ్గం ఆగిపోతే దాన్ని మళ్లీ నడిపించే మనిషిని మా దగ్గర జాబరు అంటారు. ఏ మగ్గం ఎప్పుడు ఎందుకు ఆగింది, ఏం మారిస్తే నడిచింది అని రాసుకోవడం అప్పటి అలవాటు. రిటైరయ్యాక బాగుచేయడానికి మగ్గాలు లేకపోయినా రాయడం ఆగలేదు. వాన పడ్డ గంట, నల్లా నీళ్లు వచ్చిన గంట, మా ఆవిడ దగ్గు, ఏదో ఒకటి పేజీ నింపుతూనే ఉన్నాను. కాని చేతిలో పెన్ను నిలవనంత ఉత్సాహంతో డైరీ రాసి చాలా ఏళ్లయింది. ఆ గురువారం అలా రాశాను.

మా కోడలు టవల్ కార్ఖానాలో మడతలు వేసే పని చేస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి మడిచి, ఇంటికి వచ్చి, రెండేళ్లుగా లాప్‌టాప్ మీద చద్దర్ల డిజైను వేయడం నేర్చుకుంటోంది. నా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా కాలంలో డిజైనంటే గళ్ల కాగితం మీద ఒక్కో గడికి రంగు నింపి, దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టి, ఆ అట్టలన్నీ దండలా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీసేవాళ్లు. ఇప్పుడు అట్టలు లేవు. బొమ్మను మగ్గం చదివే ఫైలుగా మారిస్తే చాలు, ఏ పోగు లేవాలో ఏ పోగు దిగాలో మగ్గానికి అదే చెబుతుంది. ఆ మార్చే పనికి మాత్రం లాప్‌టాప్ గంటకు పైగా ఊపిరి బిగబట్టి నడవాలి, మధ్యలో ఆగితే మళ్లీ మొదటికి వస్తుంది.

ఒక కార్ఖానా యజమాని ఆమె డిజైను చూసి, శుక్రవారం పొద్దున పది గంటలకు ఫైలు తెస్తే ఒక చద్దరు నేయించి చూస్తానన్నాడు. తేకపోతే ఆ మగ్గం మీదికి వేరేవాళ్ల డిజైను ఎక్కుతుంది. సొంత డిజైను మగ్గమెక్కడం ఆమెకు ఇదే మొదటిసారి. అలాంటి వారంలో మా లాప్‌టాప్ ఇరవై నిమిషాలు నడిచి, లోపలి ఫ్యాను ఈల వేసి, పెనంలా కాలి, తెర నల్లబడి పడుకుంటోంది.

లాప్‌టాప్ పాతది, ఎవరో వాడినది. డిజైను నేర్పే మాస్టారు, దీనికి బరువైన సిస్టం మోయించకమ్మా అని, దసరా ముందు దాంట్లో లినక్స్ అనే తేలిక సిస్టం వేయించారు. వేడి మొదలైంది కూడా అప్పుడే. కనుక తప్పంతా లినక్స్‌దేనని ఇల్లంతా తీర్మానించింది. కొంతం చౌక్ దగ్గరి రిపేరు దుకాణానికి బుధవారం ఆటోలో పట్టుకెళితే, ఆ దుకాణం అతను మూత కూడా తెరవకుండానే తీర్పు చెప్పాడు.

"కాకా, గా లినక్స్ తీసెయ్ మొదలు. జునా సిస్టం ఏస్త, సల్లగైతది."

"పాత సిస్టం ఏస్తే నా డిజైన్ల సాఫ్ట్‌వేర్ నడ్వదు గద అన్నా," అంది మా కోడలు.

"మరి గరం లాప్‌టాపే ఏలుకో సెల్లే. సలికాలం ఒస్తది, చేతులు కాపుకోవచ్చు."

నాకా మాట నచ్చలేదు. నాకు పని నేర్పింది మా మేనమామ, ఆయనా జాబరే. చూడకుండా తప్పు చెప్పేవాణ్ణి ఆయన మగ్గం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. రెండో నియమం, ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే దేనివల్ల బాగైందో జన్మలో తెలియదు. నేను అలాగే నడిచాను. దుకాణానికి వెళ్లక ముందే, సోమవారం కోడలు లినక్స్‌లో ఏయే పనులు నడుస్తున్నాయో చూపించే పట్టిక తెరిచింది. ఎవరూ అడగకుండానే ఉన్న ఫైళ్లన్నీ వెతికి జాబితా రాసుకునే కార్యక్రమం ఒకటి లోపల ఆగకుండా తిరుగుతోంది. నాలాంటిదే అనుకున్నాను, కాని ఆపించేశాను. ఇరవై నిమిషాలకు ఆగేది ఇరవై ఎనిమిదికి వచ్చింది. మంగళవారం లాప్‌టాప్ అడుగు మూత విప్పాం. మా పక్కింట్లో నాలుగు మగ్గాలు నడుస్తాయి, దూది పొట్టు మా గాలిలోనే ఉంటుంది. ఫ్యాను పక్కన దీపం వత్తిలా పేనుకుపోయిన దూది తీసి, మెత్తటి కుంచెతో దులిపి, మళ్లీ బిగించి యథాస్థానంలో భద్రంగా పెట్టాం. ఇరవై ఎనిమిది కాస్తా నలభై అయింది. గెలుస్తున్నట్టే ఉంది, కాని గంట పని గంటే.

అలా గురువారం వచ్చింది. మధ్యాహ్నం కోడలు సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. నేను అయిదు నిమిషాలకోసారి వేడి అడుగుతున్నాను, ఆమె తెర మీద ఒక చిన్న ఆజ్ఞ టైపు చేసి అంకె చెబుతోంది, నేను గడియారం చూసి రాస్తున్నాను. మా ఆవిడ చాటలో తునికాకు, పొగాకు పెట్టుకుని గోడవార బీడీలు చుడుతోంది.

"ఏందయ్యా, గా డబ్బకు జరం జూసుడేంది గడి గడికి? నాకు పోయిన నెల జరమొస్తే ఒక్కపారన్న చెయ్యి వెట్టి జూసినవా?"

రాసి పెట్టానని, కావాలంటే పేజీ తీస్తానని అన్నాను. కోడలు నవ్వబోయి ఆగింది. నాలుగూ అయిదుకు తొంభై ఎనిమిది. నాలుగూ ఏడుకు తెర నల్లబడింది.

కోడలు లాప్‌టాప్ మూత దించింది. తర్వాత మెల్లగా అంది. "మామా, ఇంక ఇడ్శిపెట్టున్రి. యజమానికి ఫోన్ జేసి గాదని జెప్త. రేపు డ్యూటీకి వోతా."

నలభై ఏళ్లలో ఎన్ని మగ్గాల ముందు ఎంతమంది నేతగాళ్ల మొహాలు అలా అయిపోవడం చూశానో. అయిదు నిమిషాలు ఆగమని చెప్పి డైరీ వెనక్కి తిప్పాను. తప్పు ఎక్కడ మొదలైందో తెలియనప్పుడు, బాగా నడిచిన ఆఖరి రోజు ఏదో చూడాలి, అదీ మేనమామ నేర్పిందే.

దసరా వారం పేజీలు. సోమవారం: లాప్‌టాప్‌లో లినక్స్ వేయించడమైనది; వేడి యాభై ఎనిమిది. మంగళవారం: అరవై ఒకటి. బుధవారం: అరవై. వేడికి అంకె ఉంటుందని కోడలు చూపించిన ముచ్చటలో రోజూ రాసుకున్నాను. లినక్స్ వచ్చిన మూడు రోజులూ లాప్‌టాప్ చల్లగానే ఉంది. గురువారం ఖండేనవమి, దసరా ముందు పనిముట్లకు పూజ చేసుకునే రోజు. అక్కడ నా సొంత దస్తూరీలో ఉంది: లాప్‌టాప్‌కు కుంకుమ పెట్టడమైనది. అన్నం పెట్టబోయే వస్తువు ఒట్టి పీట మీద ఉండరాదని మా ఆవిడ అనగా, నేను పెట్టెలోంచి నా మొదటి చద్దరు తీసి ఇచ్చాను. నాలుగు మడతలు వేసి కింద పరిచింది. శుక్రవారం: లాప్‌టాప్ తొలిసారి ఆగిపోయినది.

డైరీలోంచి తలెత్తి చూశాను. పీట మీద చద్దరు, చద్దరు మీద లాప్‌టాప్. దాని గాలి రంధ్రాలన్నీ అడుగునే ఉన్నాయి, మంగళవారం నేనే విప్పి చూశాను, చూసి మళ్లీ తెచ్చి ఆ మెత్తటి మడతల్లోనే పెట్టాను. బయటివాళ్లు వింటే నవ్వుతారు. కాని మా పేటల్లో చద్దరు వేయని వస్తువు ఉండదు; ట్రంకు పెట్టె మీద, కుర్చీ మీద, టీవీ నెత్తిన అదే. కంటి ముందే ఉండి కంటికి ఆనదు.

అప్పుడు నాకు వినిపించింది, యాభై ఏళ్ల కిందటి గొంతు.

నాకు ఇరవయ్యో ఏడు. మా మేనమామ నన్ను నమ్మి మగ్గం నడిపే ఒక కొత్త మోటారు అప్పగించాడు. పచ్చటి రంగు, కొత్త వార్నిషు వాసన, రాత్రి కలలో కూడా ఆ మోటారే. ఖండేనవమి పూజయ్యాక, నా చేతులతో నేసిన మొదటి చద్దరు తెచ్చి దానికి కప్పాను. దసరా దాటి పని మొదలయ్యాక కూడా తీయలేదు. దూది పడకుండా ఉంటుందని నా తెలివి. మధ్యాహ్నానికి కాలిన వాసన, ఆపై పొగ. మేనమామ పరిగెత్తుకొచ్చి స్విచ్చి ఆపి, చద్దరు లాగి పారేసి, అరచేయి మోటారు దగ్గరగా పెట్టి చూసి, నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. ఆయన చాలా నెమ్మదిగా అడిగాడు.

"అరె పోరడా, మోటారుకు సలి వెడ్తదారా?"

కార్ఖానా అంతా నవ్వింది. ఏడాది పాటు నేను కనిపిస్తే చాలు, నీ మోటారుకు దగ్గు తగ్గిందా, కషాయం పోశావా అని అడిగేవాళ్లు. డైరీ రాయడం నేను ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. మొదటి పేజీ మొదటి వాక్యం: మోటారుకు చద్దరు కప్పరాదు.

లాప్‌టాప్ ఎత్తి చద్దరు లాగాను. మడత విప్పితే మధ్యలో అరచేయంత గోధుమరంగు మచ్చ. అగరుబత్తి పడి కాలిందని పెళ్లయిన కొత్తలో మా ఆవిడకు చెప్పాను, అప్పటి నుంచీ ఆమె దాన్ని దేవుడి మచ్చగానే దాచింది. ఇక దాచలేక అసలు సంగతి చెప్పాను. ఆమె చేతిలో బీడీ సగంలో ఆగింది.

"గింత బద్దం జెప్పినవా నాతోని? గీ ఒక్కటి డైరీల రాయలే?"

రాశాను, కాని ఆ డైరీ ఆమెకు చూపించలేదు. ఆమె నవ్వుతూనే లేచి, అటక మీది డబ్బాలోంచి రెండు పాత కొయ్య నాడెలు తెచ్చింది, నేను రిటైరైన రోజున కార్ఖానా నుంచి గుర్తుగా తెచ్చుకున్నవి. కండెను కడుపులో పెట్టుకుని మగ్గంలో ఇటూ అటూ పరిగెత్తిన నాడెలు, ఇప్పుడు పీట మీద పక్కపక్కన పడుకుని లాప్‌టాప్‌ను నాలుగు వేళ్ల ఎత్తున మోశాయి. కింద నుంచి గాలి.

నాలుగున్నరకు మొదలుపెట్టాం. పది నిమిషాలకు అరవై ఆరు. ఇరవైకి డెబ్బై. నలభైకి డెబ్బై ఒకటి. నలభై అయిదో నిమిషం దాటినప్పుడు కోడలు నా మోచేయి పట్టుకుంది, అది ఆమెకు తెలియలేదు. అయిదూ నలభైకి తెర మీద పూర్తయిందని వచ్చింది, మొత్తం చద్దరు తెర నిండా పరుచుకుంది. అంచుల వెంట ఆకులు, నడుమ ఆకుల గుత్తి. ఇన్ని వారాలూ ముక్కలుగా చూసినవాణ్ణి, నాకప్పుడు గాని అర్థం కాలేదు. అవి మా ఆవిడ చాటలోని తునికాకులే.

మా ఆవిడ దగ్గరికి వచ్చి, కళ్లు చికిలించి చూసింది.

"మంచిగున్నది గని పిల్లా, ఈనెలు ఉల్టా వడ్డయి. ఆకు కొస దిక్కు వోవాలె, తొడిమె దిక్కు గాదు. యాభై ఏండ్లాయె కత్తిరించవట్టి, నాకెరుక లేదా?"

కోడలు చాటలోంచి ఒక ఆకు తీసి వెలుతురుకు పట్టి చూసి, మారు మాట్లాడకుండా కూర్చుని ఈనెలన్నీ సరిచేసింది. మళ్లీ మొదటి నుంచి. ఆరుంబావుకు మొదలై ఏడున్నరకు ముగిసింది. వేడి డెబ్బై రెండు దాటలేదు. ఒకసారి నడిస్తే అదృష్టం, రెండోసారి నడిస్తే బాగైనట్టు అనేవాడు మేనమామ. ఆ రెండోసారి మా ఆవిడ చలవే.

శుక్రవారం పొద్దున, జత టవల్ డిజైను కూడా మార్చడానికి పెట్టి, అత్తను కనిపెట్టి ఉండమని చెప్పి, కోడలు పదింటికల్లా కార్ఖానాకు వెళ్లింది. నేనూ వెళ్లాను. కొత్త మగ్గాలవి, వాటిలో నాడె లేదు, నా చెవులు నలభై ఏళ్లు విన్న ఆ టకటక లేదు. నూలును మగ్గం దానంతట అదే అందుకుని లాక్కుపోతోంది. అక్కడ చేయి పెట్టి చూసేవాళ్లు ఎవరూ లేరు, అన్నిటికీ తెర మీద అంకెలే. కొంచెం దిగులు వేసింది, ఆ గొంతులూ ఆ నవ్వులూ ఎక్కడికి పోయాయా అని. ఇంతలో మొదటి ఆకు జానెడు నేతలోంచి తల ఎత్తింది, ఈనెలు కొస వైపు. యజమాని వేలితో తడిమి, రెండో చద్దరు కూడా పడనీయమని మగ్గం మీది మనిషికి చెప్పి వెళ్లిపోయాడు. కోడలు కొంగుతో మొహం తుడుచుకుంది.

పదకొండున్నరకు ఇంటికి వచ్చేసరికి, మా ఆవిడ లాప్‌టాప్ పక్కన చాట పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక బీడీ చుట్టడం, పొగాకు చేతిని చీరకు తుడుచుకోవడం, అరచేయి లాప్‌టాప్ వీపున ఆనించి చూడడం, మళ్లీ ఇంకో బీడీ. ఆనాడు మోటారు దగ్గర మేనమామ పెట్టినట్టే పెడుతోంది. ఎంత ఉందని అడిగాను.

"సల్లగున్నది," అంది.

డైరీలో వేడి గడిలో ఆ రోజు అంకె లేదు, ఆ మాటే రాశాను.