ముహూర్తానికి చేసిన అప్‌గ్రేడ్

సుబేదారిలో మూడు కంప్యూటర్లతో ఆఫీసు పెట్టి, కార్డు మీద ‘చీఫ్ ఆర్కిటెక్ట్’ అని అచ్చేయించుకున్నాడు రాంప్రసాద్. హెప్సిబా అక్కడ చేరి ఏడాదైంది. ఈ ఏడాదిలో ఆ మహానుభావుడు ఒక్క ఎర్రర్ మెసేజీనైనా మొదటి లైను నుంచి చదవగా ఆమె చూడలేదు. తెర మీద ఎర్రక్షరాలు కనిపిస్తే ముందు ఆయన నోరు లేచేది.

ఆ రోజు పదకొండు ఇరవై దాకే మంచి ఘడియలని పంతులు చెప్పాడట. కోడ్‌ను యాప్‌గా మార్చే టూల్‌కు ఆలోపే కొత్త వెర్షన్ ఎక్కించాలని రాంప్రసాద్ కూర్చున్నాడు. పాతది తీసెయ్యాలా అని టూల్ అడిగింది.

“సార్, జర ఆగుండ్రి. మన యాప్ పాతదాని మీదనే నడుస్తాంది” అంది హెప్సిబా.

“టైమ్ దాటిపోతాంది. నువ్వు నాకు చెప్తవా?” అంటూ యస్ నొక్కాడు. ఆ తర్వాత అడిగినవాటన్నిటికీ చదవకుండానే యస్ నొక్కాడు.

యాప్ మొరాయించింది. తమ సంఘానికి పనికొస్తుందో లేదో మూడింటికి దాన్ని చూడ్డానికి కొత్తవాడ జంపఖానాల నేత సంఘం అధ్యక్షుడు రాంచందర్ రావాలి. రాంప్రసాద్ ఆయనకు ఫోన్ చేసి, హెప్సిబా ఎదుటే, “మా పిల్ల ఖరాబ్ చేసిందన్నా, పనిల నుంచి తీసేస్తాన” అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఈ ఉద్యోగం పోతే పోయింది, చేతగానిదన్న పేరు పడితే ఈ ఊళ్లో ఇంకెవరు పనిలోకి రానిస్తారు?

రాంప్రసాద్ కంప్యూటర్‌ను మూడుసార్లు ఆపి మళ్లీ వేశాడు. వైఫై డబ్బాను రెండు దెబ్బలు కొట్టాడు. అంతటితో ఆర్కిటెక్టు పని ముగించి అన్నానికి లేచాడు.

హెప్సిబా ఎర్రక్షరాలను మొదటి నుంచి చదివింది. ఈ యాప్‌కు పాత వెర్షన్ కావాలి, అది ఈ కంప్యూటర్లో లేదని మొదటి లైనే చెబుతోంది. పాతదాన్ని నెట్ నుంచి తెచ్చి కొత్తదాని పక్కనే పెట్టి, యాప్‌ను పాతదానికే కలిపింది. రెండున్నరకల్లా యాప్ నడిచింది.

రాంచందర్ వచ్చాడు. “నేనే కూసుండి సెట్ చేసిన అన్నా” అన్నాడు రాంప్రసాద్, సిగ్గులేకుండా.

“ఏం ఖరాబ్ చేసినవ్ బిడ్డా?” అని రాంచందర్ ఆమెనే అడిగాడు.

ఆమె టూల్ రాసిపెట్టుకున్న అప్‌గ్రేడ్ చిట్టా తెరిచి పైకి చదివింది. “పదకొండు పద్నాలుగుకు, రాంప్రసాద్ సార్ పేరు మీద, పాతది తీసెయ్యాలా అంటే యస్ అని ఉన్నది కాకా.”

నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న ఆ మనిషి రాంప్రసాద్‌ను ఎగాదిగా చూశాడు. “కొత్త పడుగు ఎక్కిచ్చేటప్పుడు పాత పోగుల కొసలకే గద ముడేస్తం. అవి కోసిపారేసినంక దేనికి ముడేస్తవయ్యా? ఈ బిడ్డ చేస్తనే మా పని మీకిస్తం. సరేనా?”

రాంప్రసాద్ తల ఎత్తలేదు. “యస్” అన్నాడు.