ఆక్లాండ్ సెలక్షన్స్‌కి జోయెల్‌తో

2018 చలికాలంలో ఒక శనివారం, పొద్దున ఏడుంపావుకి నేనూ మా అబ్బాయి జోయెల్ హామిల్టన్‌లో ఆక్లాండ్ బస్సెక్కాం. వాడు యూనివర్సిటీ టీమ్‌లో బేస్‌బాల్ పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. ఆక్లాండ్‌లో కొత్తగా పెడుతున్న ప్రొఫెషనల్ టీమ్ వాళ్ళు వాణ్ణి సెలక్షన్స్‌కి పిలిచారు. నేను హాస్పిటల్లో నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చాను. నిద్రమత్తులో డ్రైవింగ్ వద్దనుకుని బస్సుకి బయల్దేరాం.

పక్క వరసలో కూర్చున్న, ఇక్కడి మూలవాసి మావోరీ పెద్దావిడ వాడి ఒళ్ళో గ్లవ్ చూసి, "సాఫ్ట్‌బాలా?" అంది.

"బేస్‌బాల్ ఆంటీ."

"దాంతో ఇక్కడ బతకొచ్చా?"

"ఇవాళ తెలుస్తుంది," అని నవ్వాడు.

హంట్లీ ఊరు దాటాక వాడు నొప్పి మాత్ర మింగడం చూశాను.

"ఎన్నోది?"

"రెండోది. మోచెయ్యి కొంచెం పట్టేసింది మమ్మీ, అంతే."

మోచేతి లోపలివైపు వేలితో నొక్కితే పళ్ళు బిగించాడు. ఎముకల వార్డులో పదకొండేళ్ళుగా నర్సుని. లిగమెంట్ దెబ్బతిందని నాకు అర్థమైంది.

"ఇవాళ విసరకు నాన్నా."

"ఇవాళ కాకపోతే మళ్ళీ ఎవరు పిలుస్తారు? వాళ్ళకి చెప్పకు. ప్లీజ్ మమ్మీ."

ఎనిమిదీ యాభైకి ఆక్లాండ్ శివారు మనుకావ్‌లో దిగి సిటీ బస్సు పట్టుకున్నాం. గ్రౌండంతా మంచుకి తడిసి ఉంది. వెళ్ళేవాళ్ళెవరైనా ఇంకో జత సాక్సులు పెట్టుకోండి.

కోచ్ అమెరికా ఆయన. "నొప్పులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. జోయెల్ లేవన్నాడు. ఆయన నావైపూ చూశాడు. నేను మాట్లాడలేదు.

మొదటి ఎనిమిది బంతులకీ, అవతల బంతి పట్టే క్యాచర్ గ్లవ్ ఠప్పుమని మోగింది. కోచ్ స్పీడ్ చూసి పక్కాయన్ని కూడా పిలిచాడు. జోయెల్ ముఖం వెలిగిపోయింది. తొమ్మిదో బంతి ఎటో పోయింది. వాడు మోచెయ్యి పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నేను పరిగెత్తాను.

వాళ్ళ ఫిజియో చేతికి కట్టు కట్టి, సోమవారమే స్కాన్ తీయించమన్నాడు. రెండూ నలభైకి తిరుగు బస్సు. తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరవనేలేదు. ఆక్లాండ్ దాటగానే వచ్చే బాంబే కొండల దగ్గర వాన మొదలైంది.

"నువ్వు చెప్పుంటే నీతో జన్మలో మాట్లాడేవాణ్ణి కాదు," అన్నాడు కిటికీలోంచి చూస్తూ.

"తెలుసు నాన్నా."

హామిల్టన్ దగ్గరపడ్డాక మళ్ళీ అన్నాడు: "అయినా చెప్పాల్సింది మమ్మీ."

ఆపరేషనైంది. ఏడాదికి చెయ్యి మామూలు పనులకి పనికొచ్చింది. మళ్ళీ పిలుపు రాలేదు.

దారి బాగుంటుంది, పొడుగునా పచ్చిక, మధ్యలో వైకాటో నది. బస్సులు టైముకే నడుస్తాయి. ఆ ప్రయాణం గురించి నేను చెప్పగలిగిన మంచి మాట ఇంతే.