పెరుగు తోడుకుంటే చాలనుకున్నాను

"వద్దత్తా, ఆ ట్యూబు ఎక్కియ్యద్దు. ల్యాబు కాగితం వచ్చేదాంకా ఏమీ పెట్టద్దని డాక్టరమ్మ చెప్పిపోయిందా లేదా?"

"చెప్పింది. చెప్పి మూడు దినాలాయె. కాగితం వచ్చేలోపల ఆవు పోతే, ఆ కాగితాన్ని పాలు పిండుకుంటావా?"

"సగం ట్యూబు! ఎప్పుడో వాడి మిగిల్చిన సగం ట్యూబు! దాని మూతి చూడు, ఎట్లా ఎండిపోయుండాదో. ఇది మందేనా?"

"మందే. దుడ్లు పెట్టి తెచ్చిన మందు. నీ మాదిరి సగం వాడి సగం పారేసేదాన్నయితే ఈ కొట్టంలో ఆవు కాదుమ్మే, కోడి గూడా ఉండేది కాదు."

"ముందు రెండుసార్లు పెట్టినావు. రెండుసార్లూ తిరిగొచ్చింది గదా."

"రెండుసార్లూ తగ్గింది గదా! పెరుగు తోడుకున్యాది. నీ కండ్లతోనే చూసినావు."

"నీ పెరుగు తగలెయ్య!"

ఆ మాట అనేసి కోడలు నాలుక కరుచుకుంది. పదేళ్లలో నన్ను ఆమె అంత మాట అనడం అదే మొదలు. అయినా నా మణికట్టు మాత్రం వదల్లేదు. నేను ఆవు వెనక కాలి పక్కన గొంతుక్కూర్చుని, ఒక చేత్తో చన్ను పట్టుకుని, ఇంకో చేత్తో ట్యూబు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఆవుకు పొదుగువాపు. వెనక ఎడమ చన్ను రాయిలా గట్టిపడింది. ముట్టుకుంటే కాలుతోంది. పిండితే పాలకు బదులు పసుపు నీళ్లు, విరిగిన పెళ్లలు వస్తున్నాయి. రెండు రోజులుగా మేత ముట్టలేదు. మాది ముదిగుబ్బ దగ్గర మెట్ట ఊరు. శనక్కాయ వానను నమ్ముకుని వేస్తాం, వాన ఎవరి మాటా వినదు. కొడుకు గాలిమరల దగ్గర కాపలా పనికి పోయి వారానికోసారి ఇంటికి వస్తాడు. పంట పోయిన ఏడు కూడా మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ జెర్సీ ఆవు పుణ్యమే. ఒక చన్ను పోయినా బతకొచ్చు. అది మిగతా మూడింటికీ పాకితే ఆవు వట్టిపోతుంది. వట్టిపోయినదాన్ని మేతకు శనగకట్టె కొని మేపే శక్తి మాకు లేదు, సంతకు తోలాల్సిందే. సంతలో అది ఎవరి చేతికి పోతుందో నాకు తెలుసు. ఆ మూడు రోజులూ నా తలలో తిరిగింది అదొక్కటే.

నేను మూడో తరగతి దాకా చదివాను. పాల సంగతి మాత్రం మా అత్త దగ్గర నేర్చుకున్నాను. జబ్బు చేసిన చన్ను పాలు విడిగా పిండి, చిన్న గిన్నెలో కాచి, తోడు వేసి పెట్టమనేది. గడ్డపెరుగు అయితే జబ్బు పోయినట్టు, కాకపోతే ఇంకా ఉన్నట్టు. ఆమె కాలంలో పొదుగుకు పసుపు, కలబంద పూసేవాళ్లు. ఆమె ఆ గిన్నెను నమ్మింది, నేను ఆమెను నమ్మాను.

చలికాలంలో మొదటిసారి వాపు వచ్చినప్పుడు మందుల అంగట్లో ట్యూబులు ఒక పెట్టెడు తెచ్చుకున్నాం. సూది లేని సిరంజీలా ఉంటాయి, మూతి చన్నులో పెట్టి మందు లోపలికి తోయాలి. మూడు రోజులు, రెండు పూటలా ఎక్కించమన్నారు. మొదటిరోజు తోడు వేసినా గిన్నెలో పాలు పాలుగానే ఉన్నాయి. రెండోరోజుకు వాపు దిగింది. దిగిన తర్వాత ఇంకా మందు ఎందుకని ఆపేశాను. ఆపిన రెండో రోజుకే పెరుగు రాయిలా తోడుకుంది. మిగిలిన ట్యూబులను పసుపు డబ్బాలో దాచిపెట్టాను. ఏదీ పారెయ్యకుండా దాచడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం.

రెండు నెలలకు మళ్లీ వచ్చింది. ఈసారి దాచిన వాటినే సగం సగం ఎక్కించాను. మొదటిసారి రెండు రోజుల్లో దిగిన వాపు ఈసారి దిగడానికి నాలుగు రోజులు పట్టింది. అది నేను చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు. గిన్నెలో పెరుగు తోడుకోగానే మళ్లీ ఆపేశాను.

మూడోసారి కోడలు నన్ను అడగకుండా పశువుల ఆసుపత్రికి ఫోన్ చేసింది. డాక్టరమ్మ వచ్చి, చిన్న సీసాలో ఆ పాలు పట్టి టౌను ల్యాబుకు పంపింది. జ్వరానికి, నొప్పికి సూది వేసింది. పోయే ముందు నన్ను అడిగింది, "ఇంతకుముందు దీనికి ఏమన్నా ఎక్కించినావా అవ్వా?" అని.

"లేదమ్మా" అన్నాను.

కోడలు నా మొహం చూసింది. నేను ఆవు మొహం చూశాను.

సరే, ఆ మధ్యాహ్నం మేమిద్దరం అలా పెనుగులాడుతుండగానే బయట స్కూటీ ఆగిన చప్పుడైంది. కోడలు నా చెయ్యి వదిలేసింది. నేను ట్యూబును రొంటిన దోపుకుని లేచి నిలబడ్డాను.

డాక్టరమ్మ ముందు ఆవు ఒళ్లు చూసింది, తర్వాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. గుండ్రటి గాజు మూత లాంటిది. దాని నిండా బూడిదరంగు పొర, మధ్యమధ్యలో బొట్టుబిళ్లల్లాగా ఐదు కాగితపు చుక్కలు.

"ఆ పొర ఉండాదే అవ్వా, అది నీ ఆవు పొదుగులో ఉండే బ్యాక్టీరియా. కంటికి కనపడని పురుగులనుకో. ఒక్కో చుక్కలో ఒక్కో మందు ఉండాది. మందుకు అవి చస్తే చుక్క చుట్టూ ఖాళీ ఉండాల."

నాలుగు చుక్కల చుట్టూ ఖాళీ లేదు. పొర వచ్చి చుక్క అంచును ఆనుకుని ఉంది. ఐదోదాని చుట్టూ మాత్రం, అలికిన చోటులాగా, శుభ్రమైన వలయం ఉంది.

"ఇదిగో, ట్యూబుల్లో ఉండే మందు ఇది" అని ఆమె పొర ఆనుకున్న ఒక చుక్కను గోటితో చూపింది. "ఒక్క పూటలో ఇట్లా కాలేదవ్వా. ఎవరో దీనికి కొంచెం కొంచెం రుచి చూపించినారు."

ఇక కోడలు చెప్పేస్తుందని నేను బిగుసుకుని నిలబడ్డాను. ఇందాక నోటికొచ్చినట్టు అన్న మనిషి ఆవు మెడ కింద గోకుతూ నిలబడింది. ఆమె చెప్పి ఉంటే నేను ఎదురు తిరిగి ఉండేదాన్ని. చెప్పకపోయేసరికి నేనే రొంటినున్న ట్యూబు తీసి ఇచ్చాను. ఇంట్లోకి పోయి పసుపు డబ్బా తెచ్చి అదీ ఆమె ముందు పెట్టాను.

డాక్టరమ్మ మూత తీసి చూసింది. "అమ్మో, ఇన్నా! సగంలో ఎందుకు ఆపినావవ్వా?"

"పెరుగు తోడుకున్యాది తల్లీ."

గిన్నె లెక్క అంతా చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మీ అత్త కాలంలో ఆ లెక్క ఎట్లుండెనో నాకు తెలీదు. ఇప్పుడు మాత్రం తిరగబడుతుంది. తోడులో ఉండేవీ ఇట్లాంటి పురుగులే, మంచివి. పాలల్లో మందు ఉంటే పాపం అవే ముందు చస్తాయి. అందుకే తోడుకోలేదు. నువ్వు మందు ఆపినావు, పాలల్లో మందు అయిపోయింది, పెరుగు తోడుకున్యాది. పోయింది మందవ్వా, జబ్బు కాదు. పొదుగులోవి ఆడనే ఉండాయి."

చచ్చినవి నా తోడులోవి. బతికినవి పొదుగులోవి.

"మరి అవి ఏమిటికి చావలేదు?"

"చచ్చినాయి. మెత్తనివి చచ్చినాయి. అన్నిట్లో ఒకటో రెండో పుట్టుకతోనే మొండివి ఉంటాయి. నిండు మందు నిండు రోజులు పడితే అవి గూడా నలిగిపోతాయి, మిగిలినవాటి సంగతి ఆవు ఒళ్లే చూసుకుంటాది. నువ్వు మెత్తనివాటిని చంపి, చోటంతా మొండివాటికి వదిలిపెడితివి. అవి గంటలో ఒకటికి నాలుగైతాయి. అన్నీ వాటి పిల్లలే, అన్నీ మొండివే."

నాకు ఇంకెవరూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. వాన లేని ఏడు, చేనంతా మాడిపోతే, ఎక్కడో ఒక శనక్కాయ చెట్టు పచ్చగా నిలబడి ఉండేది. మా ఇంటాయన దానికి గుడ్డపేలిక కట్టి, దాని కాయలు విడిగా కోసి విత్తనానికి పెట్టేవాడు. ఎండకు తట్టుకున్నదాని విత్తనం ఎండకు తట్టుకుంటుందని. నేను పొదుగులో చేసిన సేద్యం అదే. మూడు నెలలుగా, దుడ్లు పెట్టి, మందుకు తట్టుకునేవాటిని విత్తనానికి పెట్టాను.

"వాటిని తినే తోడేళ్లు ఏవీ లేవామ్మా?" అని అడిగాను. మేము ఒకప్పుడు గొర్రెలు కాసినవాళ్లం, నాకు ఆ ఊహే వచ్చింది.

"ఉండాయవ్వా. వైరసులని, వీటికన్నా చిన్నవి, వీటి లోపలికి దూరి పగలగొట్టేవి ఉండాయి. వీటిని పట్టి మింగేవీ ఉండాయి. అయినా వీటికి తప్పించుకునే దోవ దొరుకుతాంటాది. తోడేలు ఎత్తుకపొయ్యేది కుంటిదాన్నే గదా, మందలో మిగిలేది ఉరికేదే గదా." సూదిలోకి మందు ఎక్కిస్తూ ఆమె ఇంకో మాట చెప్పింది. "ఆ మొండితనాన్ని పక్కదానికి గూడా ఇస్తాయి ఇవి. మీరు ఇంటింటికీ తోడు ఇచ్చుకోరూ, అట్లా."

అన్నింటికన్నా ఆ మాటే నన్ను భయపెట్టింది. ఆ చన్ను పిండిన చేతులను కొట్టం బయట తొట్టిలో ముంచి, కొంగుకు తుడుచుకుని, ఎన్నిసార్లు మనవరాలికి అన్నం కలిపి పెట్టానో. అప్పుడు నా చేతులు నాకే పరాయివిగా కనిపించాయి.

డాక్టరమ్మ సూది వేసి గట్టిగా చెప్పింది. "పనిచేసేది ఇదొక్కటే మిగిలుండాది. ఐదు దినాలు, దినానికొకటి. తగ్గినా ఆపేది లేదు. పాలు నేను చెప్పేదాంకా ఎవురూ తాగేది లేదు, పారపొయ్యండి."

"మూడు చన్నులవి బాగుండాయి గదమ్మా."

"నాలుగూ పారపొయ్యాల. మందు ఒళ్లంతా పోతాది. కుక్కకు గూడా పెట్టద్దండి."

"తగ్గుతాదా?"

ఆమె సంచీ జిప్పు వేసుకుంది. "రేపు పొద్దునకు జ్వరం దిగాల, మేత ముట్టాల. ముట్టకపోతే ఈ మందు గూడా పట్టనట్టే. పొద్దున్నే ఫోన్ చెయ్యండి." పసుపు డబ్బాను ట్యూబులతో సహా తనే తీసుకుపోయింది.

సాయంత్రం దొడ్డి చివర కోడలు పారతో గుంత తవ్వింది. నేను పాలు పిండి బక్కెట పట్టుకుని వచ్చాను.

"నువ్వు చూడద్దత్తా, లోపలికి పో. నేను పోస్తా."

"చూస్తా. చేసినదాన్ని చూడాల."

మూడు చన్నుల మంచి పాలు, నురగతో సహా, ఆ గుంతలోకి పోయాయి. మా నేల ఎంత ఎండిపోయి ఉంటుందంటే, చూస్తుండగానే తాగేసింది. తెల్లటి మరక ఒక్కటే మిగిలింది. కోడలు దాని మీద మట్టి లాగుతుంటే అన్నాను.

"నా పెరుగు తగలెయ్య అంటివే."

"అంటి."

"అది నాది కాదుమ్మే. మా అత్త పెరుగు."

"అయితే మీ అత్త పెరుగు తగలెయ్య."

ఆపుకోలేక నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అటుపైన కొట్టంలోకి పోయి ఆవు ముక్కు ముట్టుకుని చూశాను. ఎండిపోయి, వేడిగా ఉంది. ముందు వేసిన శనగకట్టె వేసినట్టే ఉంది. నా నవ్వు అక్కడికక్కడే పోయింది. "డాక్టరమ్మ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?" అని కోడలిని అడగాలనుకున్నాను. అడగకుండా కట్టెను ఆవు మూతి దగ్గరికి తోశాను.

తెల్లవారగానే కొట్టంలోకి పోయాను. కట్టె సగం తిని ఉంది. ముక్కు తడిగా, చల్లగా ఉంది. ఆ చన్ను ఇంకా గట్టిగానే ఉంది, పిండితే పెళ్లలు వచ్చాయి. మిగతా మూడింటి పాలు మామూలుగా ఉన్నాయి. కోడలు డాక్టరమ్మకు ఫోన్ చేసి అవన్నీ చెప్పింది. నేను నాలుగు చన్నుల పాలూ తీసుకుపోయి గుంతలో పోసి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. పది గంటలకు డాక్టరమ్మ వచ్చి రెండో సూది వేసింది.