అంచు లేని చీర

గద్వాల సంస్థానం రోజుల్లో మా ఊరి దవాఖానలో ఒక నర్సమ్మ ఉండేది. వార్డు గుమ్మం దగ్గరే గాజులు తీసి కిటికీ మేకుకు తగిలించేది. ఆ తర్వాతే మా పుండ్ల మీద చెయ్యి వేసేది.

ఆడవాళ్ళ వార్డులో అది ఎవరికీ నచ్చలేదు. "మొగుడున్న మనిషి బోసి చేతుల్తో మందు పెడితే పుండు మానుతదా?" అని పక్క మంచం ముసలమ్మ ముఖం మీదే అడిగింది.

"గాజుల సందుల మురికి దాగుంటదవ్వా. నీ పుండుకు అంటుతది," అని ఆమె నవ్వేసింది.

చీము పట్టిన అరచేతితో పడుకున్న నాకు ఆమె గాజులతో పేచీ లేదు. నా పేచీ ఆమె చీరతో. రోజూ ఉడకబెట్టి ఉతికిన తెల్లచీర. అంచు లేదు, జరీ లేదు. నన్ను చూడటానికి వచ్చిన మా ఆయన దాన్నే చూస్తూ కూర్చునేవాడు. జన్మంతా జరీ అంచులు నేసిన మనిషి, "ఎంత సాఫ్‌గుందే!" అన్నాడొకసారి. నా ఒళ్ళు మండింది.

నా చెయ్యి మానాక ఆయన ఆమె కోసం ఒక తెల్లచీర మొదలుపెట్టాడు. ఉడకబెడితే పాడవుతుందని పట్టు అంచు కూడా వేయలేదు. మా పెళ్ళయిన నాటి నుంచి ఆయన నేసినవన్నీ షావుకారు ఇంటికే పోయాయి. నా ఒంటి మీదికి ఒక్కటీ రాలేదు.

"ఏమయ్యా, నాకెన్నడన్న ఒక్కటి నేసినవా?" అన్నాను.

"నీ చెయ్యి నిలబెట్టింది గదనే," అన్నాడు, మగ్గం మీంచి తల ఎత్తకుండా.

నిలబెట్టింది, నిజమే. ఆ చీరకు నూలు కండెలన్నీ పళ్ళు కొరుకుతూ నేను చుట్టింది ఆ చేత్తోనే.